పదకొండో నంబరు జగిత్యాలలో ఎక్కడ దిగింది

మా ఇంటి ముందున్న గుంత మొత్తం జిల్లాలోకెల్లా పెద్దది. ఇది నేను చెప్పే మాట కాదు, పటం చెప్పింది. సిరిసిల్లలోని మిగతా గుంతలన్నీ ఆ పటంలో శనగగింజంత ఎర్రచుక్కలైతే, మా గడప ముందు గుంత గుమ్మడికాయంత కనిపించింది. చూసినవాళ్లు నన్ను జాలిగా చూసి, "ఇంత గుంతల రోజూ పడుకుంట లేసుకుంట ఎట్ల బతుకుతున్నవే కాకా?" అని అడిగారు. నేను కూడా నడుం మీద చెయ్యి వేసుకొని, "ఏం జేద్దు, అలవాటైంది" అన్నాను.

ఉన్నమాట చెప్తాను. మా ఇంటి ముందు గుంత లేదు. సిమెంటు రోడ్డు మీద చిన్న అతుకు ఉంది. దాన్ని తట్టుకొని ఇప్పటిదాకా కోడి కూడా పడలేదు. గడప మీద కూర్చొని, ఫోన్ను రెండు చేతులా పట్టుకొని, చాటలో బియ్యం చెరిగినట్టు నేనే కుదిపాను. మూడు రోజులు కుదిపాను. గుంత పెద్దదని పటంలో పడితే పై అధికారులు వచ్చి మా ఇంటి ముందు కొత్త రోడ్డు వేస్తారని నా ఆశ.

ఫోన్ను కుదిపితే పటంలో గుంత ఎట్లా పడుతుందంటే, అది మా మనవరాలి విద్య. మా పెద్ద బిడ్డ కూతురు. జగిత్యాలలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. చదువులో భాగంగా ఫోన్లో పెట్టుకునే ఒక యాప్ తయారుచేసింది. దాన్ని ఫోన్లో వేసుకొని, ఫోన్ను జేబులో వేసుకొని, మన పనిమీద మనం తిరిగితే చాలు. బండి ఎగిరిన చోటల్లా అది గుంత అని గుర్తు పెట్టుకుంటుంది. చప్పుడు ఎక్కువున్న చోట ఎంత చప్పుడో కొలుచుకుంటుంది. అట్లా పదిమంది జేబుల్లోంచి వచ్చినవన్నీ ఒకచోట కలిపితే, ఏ రోడ్డు పాడైంది, ఏ గల్లీలో చెవులు పగిలిపోతున్నాయి అన్నది పటం మీద తేలుతుంది. ఎవరూ పనిమాలా కొలవనక్కర లేదు. మనుషులు తిరుగుతుంటే ఊరే తన నొప్పులు తాను చెప్పుకుంటుంది.

"నాకు మనుషులు కావాలె తాతా" అంది.

నేను నూట యాభై మందిని పోగేశాను. కాదు, పద్నాలుగు మందిని. అందులో ఇద్దరు రెండో రోజే బ్యాటరీ అయిపోతోందని తీసేశారు. ఒక ఫోను మా ఆవిడది. ఆమెకు చెప్పకుండానే వేశాను. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె నా పళ్లెంలో కూర వెయ్యలేదు. యాప్ తీసేయించాకే కూర వేసింది. "నేను ఏడికి పోతే ఫోనుకేంది? ఫోను నాతోని రావాలె గని నా మీద చాడీలు చెప్పుడేంది?" అంది. చదువుకోని మనిషి మాట అని నవ్వుకున్నాను. జగిత్యాలలో మనవరాలితో చదివే బుగ్గారం పిల్ల కూడా అదే అందట. తాను ఏ వేళకు ఏ తొవ్వలో హాస్టల్ చేరుతుందో ఎక్కడో రాసి ఉండడం తనకు వద్దందట. ఆమె చదువుకున్న పిల్లే. అప్పుడు కూడా నవ్వాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను బస్సు కండక్టరుగా ముప్పై రెండేళ్లు చేశాను. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, ఈ మూడింటి మధ్య నా బస్సు ఎక్కని మనిషి లేడు. మనిషి కాళ్లు చూసి ఏ ఊరో చెప్పేవాణ్ని. ఇదీ కొంచెం ఎక్కువే అన్నాను. కాళ్లు చూసి కాదు, దిగే చోటు చూసి. ముఖాలు మరిచిపోతాను, పేర్లు అసలే తెలియవు. కానీ ఎవరు ఏ వారం, ఏ వేళకు, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో, అది మాత్రం నా లోపల ఇప్పటికీ అచ్చు పడి ఉంది. దీన్ని మించిన గుర్తు మనిషికి ఇంకొకటి లేదు. ముసుగు వేసుకున్నా మనిషి తన స్టేజీ మార్చుకోడు.

నేను కొత్తగా చేరినప్పుడు మా పెద్ద డ్రైవరు ఒక మాట చెప్పాడు. "టికెట్ కొట్టు, ఇడ్సిపెట్టు. ఎవడు యాడ దిగిండన్నది బస్సు దిగినంక మన నోట్లె ఉండద్దు." ఆ మాట పాటించాను. వేములవాడ గుడికి పోతున్నానని ఇంట్లో చెప్పి, రెండు స్టేజీల ముందే కల్లు మండువ దగ్గర దిగే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య ఒకసారి బస్సు ఆపి, "మా ఆయన నిన్న ఏడ దిగిండు కండక్టరూ?" అని అడిగితే, "అమ్మా, నేను టికెట్లు చూస్త, మొకాలు చూడ" అన్నాను. ముప్పై రెండేళ్లు నిలబెట్టుకున్న నోరు అది. రిటైరైన ఏడో ఏట, ఒక్క పొద్దులో పోగొట్టుకున్నాను.

మా ఇంటి గోడకు ఆనుకొని మా బావ ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒక్కటే కాబట్టి బావ అయ్యాడు. అతను సాంచాల జాపర్. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలు అంటాం, అవి చెడిపోతే బాగుచేసేవాడు జాపర్. మా బావ పనితనం ఏమిటంటే, సాంచాను ముట్టుకోకముందే రోగం చెప్పేవాడు. నలభై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటున్న కార్ఖానాలో, పక్కన ఉరుము పడ్డా వినపడని చోట, తలుపు దగ్గర కళ్లు మూసుకొని నిలబడి, "మూడో వరుసల ఐదోది. నాడె ఎడమ దిక్కు సక్కగ తాకుతలేదు" అనేవాడు. పోయి చూస్తే అంతే, నూలు పట్టుకొని అటూ ఇటూ ఉరికే ఆ నాడె ఎడమ చివర తడబడుతూ ఉండేది. సేటు అతన్ని మెకానిక్ అనేవాడు కాదు, "నా చెవి" అనేవాడు.

రెండేళ్లుగా మా బావ అన్నిటికీ "ఆ" అనడం మొదలుపెట్టాడు. నాకదో ఆట దొరికినట్టయింది. హోటల్లో అందరిముందు అడిగేవాణ్ని.

"బావా, చాయ్ తాగుతవా?"

"ఆ."

"బావా, ఎండ్రిన్ తాగుతవా?"

"ఆ."

అందరూ నవ్వేవారు. మా బావ కూడా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే నవ్వేవాడని నాకప్పుడు తట్టలేదు.

ప్రతి గురువారం, పని లేని రోజు, అతను కోరుట్ల పోయేవాడు. అక్కడ బిడ్డను ఇచ్చాడు. "బిడ్డ మీద గింత పావురం ఏందిరా బావా, వారం వారం పోతవు, అల్లుడు తలుపులు పెట్టుకుంటడు సూడు" అని ఏడిపించేవాణ్ని. "ఆ" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున మనవరాలు ఇంటికొచ్చింది. నెలరోజుల పటం తయారైంది, చూపిస్తానంటే మా చాయ్ హోటల్‌కే తీసుకుపోయాను. ఆ హోటల్ ఒక భాయ్‌ది. ఆయన ఇంట్లో ఉర్దూ, గల్లాపెట్టె దగ్గర తెలుగు, కోపమొస్తే రెండూ. నేను, మా బావ, మా బావ పనిచేసే కార్ఖానా సేటు, భాయ్, అందరం ఒకే బల్ల చుట్టూ చేరాం. బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. సిరిసిల్ల మీద, తంగళ్లపల్లి మీద, దూరంగా జగిత్యాల, కోరుట్ల మీద రంగురంగుల గీతలు. ఒక్కో ఫోనుకు ఒక్కో గీత, ఒక్కో నంబరు.

"పేర్లు తీసుకోలే తాతా. ఫోన్ నంబర్లు గూడ తీసుకోలే. ఉత్త నంబర్లే ఇచ్చిన. ఎవలు ఏదో నాకే తెల్వదు" అంది మనవరాలు, గర్వంగానే.

నా లోపల ముప్పై రెండేళ్ల కండక్టరు లేచి నిలబడ్డాడు.

"నీకు తెల్వదు. నాకు తెలుస్తది" అన్నాను.

"కండక్టర్ సాబ్ మొదలువెట్టిండు" అన్నాడు భాయ్.

"నీతోనే మొదలు. గీ నాలుగో నంబర్. ఎలుగు రాకముందే మజీదు, ఆన్నుంచి సక్కగ గీ హోటల్. మళ్ల పొద్దుమీకే దాక కదలదు. నువ్వే. శుక్రవారం నాడు మాత్రం నమాజ్ అయినంక అర్ధగంట బిర్యానీ సెంటర్ల ఆగుతున్నవు, గప్పుడు ఇంటికి పోతున్నవు."

"అరె, ధీరే బోలో!" భాయ్ భార్య ఉన్న వంటగది వైపు చూశాడు. "ఇంట్ల నాకు ఆకలైతలేదని చెప్తున్న."

బల్ల అంతా నవ్వింది. నాకు ఊపొచ్చింది.

"ఆరో నంబర్ ముస్తాబాద్ ఆటో."

"మనిషి పేరు చెప్పు, ఆటో అంటవేంది?" అన్నాడు సేటు.

"పేరు నాకెందుకు? సూడు, అర కిలోమీటరుకోసారి ఆగుతున్నది. గట్ల ఆగేటియి లోకంల రెండే. ఒకటి ఆటో, ఒకటి బర్రెల మంద. బర్రెలు గింత జోరుగ ఉరుకవు."

"మరి గీ మూడో నంబరేంది తాతా? రోజూ సాయంత్రం తంగళ్లపల్లి తొవ్వల ఒక్క కాడనే నలభై నిమిషాలు నిలవడుతున్నది" అంది మనవరాలు.

"గదేదో పాడైన ఫోను బిడ్డా. ఇడ్సిపెట్టు."

మూడో నంబరు నేనే. రోజూ సాయంత్రం మానేరు వంతెన మీద నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నానని మా ఆవిడకు, నాకు షుగరు చూసే డాక్టరుకు చెప్పుకున్నాను. మనవరాలికి కూడా చెప్పాను. ఆ చుక్క నిలబడ్డ చోట జిలేబీ బండి ఉంది. అందుకే తొందర తొందరగా పదకొండో నంబరు మీద వేలు పెట్టాను. నా దొంగతనం దాచుకోబోయి ఇంకొకరిది తీశాను.

"ఇగో, గిది అసలు కథ. గురువారం గురువారం పోతున్నది. మన గల్లీలనే బయలెల్లి, వేములవాడ దాటి, జగిత్యాల. బస్టాండుల దిగలే, సూడుండ్రి, ఒక స్టేజీ ముందుగల్లనే దిగింది. ఎవలన్న చూస్తరని భయమున్నోడే గట్ల దిగుతడు. గీ గల్లీల రెండు గంటలు. గాన్నుంచి మల్ల బస్సు, కోరుట్ల. కోరుట్ల పోయేటోడు రుద్రంగి మీదికెంచి పోవాలె గని జగిత్యాల ఎందుకు పోతడు? ఇంట్ల కోరుట్ల అని చెప్పి జగిత్యాల పోతున్నడు! దొరికిండు దొంగ!"

బల్ల మీద చెయ్యి కొట్టి చెప్పాను.

భాయ్ వంగి చూశాడు. "గీ మందుల దుకాన్ల పక్కపొంటి గల్లినా? గాడ చెవుల డాక్టర్ దవాఖాన ఉన్నది. మా అమ్మను గాడికే తీస్కపోయిన."

సేటు గ్లాసు కింద పెట్టాడు. "కోరుట్లల బిడ్డ ఉన్నది..." అని మా బావ వైపు తిరిగాడు.

అప్పుడు నేనూ తిరిగాను. మా బావ మేం మాట్లాడిన దాంట్లో ఒక్క ముక్క వినలేదు. వినకుండానే అంతసేపూ మాతోపాటు నవ్వాడు. కానీ అతని కళ్లు పటం మీద ఉన్నాయి. గీత సిరిసిల్లలో మొదలై జగిత్యాలలో ఆ గల్లీలో ముడిపడి కోరుట్ల వైపు పోవడం అతను చూశాడు. నా వేలు దాని మీద ఉండడం చూశాడు. ఈమధ్య చాయ్ గ్లాసును దబ్బున పెట్టేవాడు, తనకు వినపడదు కాబట్టి. ఆ పొద్దు మాత్రం పువ్వును పెట్టినట్టు పెట్టాడు.

ఎండ్రిన్ తాగుతావా అంటే "ఆ" అన్నది ఎందుకో, వారం వారం కోరుట్ల ఎందుకో, అన్నీ ఒక్కసారి కలిసిపోయాయి. సేటుకు "నా చెవి" కావాలి. ఆ చెవి పోయిందని తెలిస్తే రేపు ఇంకో జాపర్‌ను చూసుకుంటాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషిని ఇంకో కార్ఖానా పిలవదు.

నా జీవితంలో అబద్ధాలకు లోటు లేదు. ఎన్నడూ అవసరానికి పనికొచ్చినవి కావు. ఆ రోజు ఒకటి పనికొచ్చింది.

"ఎవలనో ఎందుకు అనుమానిస్తవు సేటూ? కోరుట్లల నాకు చెల్లె లేదా? పదకొండు నేనే" అన్నాను.

"నువ్వా?"

"గీత ఏడ మొదలైంది సూడు. మా ఇద్దరి గోడ ఒక్కటే. గీ చుక్కకు మా ఇల్లేదో ఆళ్లిల్లేదో ఎట్ల తెలుస్తది?"

సేటు అనుమానంగా చూశాడు. "మరి నీ సంగతి నువ్వే ఎందుకు బైటవెట్టుకున్నవు? దొరికిండు దొంగ అంటివి."

"మీరు పట్టుకుంటరా లేదా అని చూసిన. ఒక్కడన్న పట్టుకోలే."

"అంటే నీకు చెవులు ఇనస్తలేవా?"

నేను చెవి ముందుకు పెట్టి, నోరు కొంచెం తెరిచి, "ఆ?" అన్నాను.

భాయ్ పెద్దగా నవ్వాడు. సేటు కూడా నవ్వాడు. నా గురించి ఊరంతటికీ ఒక అభిప్రాయం ఉంది, ఆ రోజు అదే నన్ను గట్టెక్కించింది.

"మరి గీ జిలేబీ బండి కాడ నిలవడే మూడో నంబర్ ఎవలు?" భాయ్ వేలితో చూపిస్తూ అడిగాడు. "నువ్వనుకున్న నేను."

నేను నోరు తెరిచేలోపు మా బావ ఆ వేలునూ, ఆ చోటునూ, నా ముఖాన్నీ చూశాడు. "గది నేను. ఈ మధ్య తీపి మీద మనసు పోతున్నది" అన్నాడు.

మనవరాలికి ఎంత అర్థమైందో తెలియదు. మెల్లగా లాప్‌టాప్ మూసేసింది.

లాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకొని ఆమె నాతో ఇంటికి నడిచింది. మా గల్లీ మలుపులో సాంచాల చప్పుడు మొదలయ్యే చోట ఆగి, "పేర్లు తీసేస్తే సరిపోతదనుకున్న తాతా" అంది.

"పేరెవనిక్కావాలె బిడ్డా? పొద్దుగాల ఏడ లేస్తడో, పొద్దుమీకి ఏడ పంటడో తెలిస్తే పేరు దానంతటదే అస్తది."

"నువ్వు కాబట్టి చదివినవు."

"నేను ముసలి కండక్టర్ను. నాకంటె తెలివిగల్లోళ్లు, నాకంటె పాపపోళ్లు చదువరా?"

ఇక్కడ నేనొక గొప్ప సలహా ఇచ్చాను. మేం డిపోలో అప్పజెప్పే కాగితంలో ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎందరు పోయారన్నది ఉండేది, ఎవరు పోయారన్నది ఉండేది కాదు. ఆ కాగితం చూసి పైవాళ్లు ఏ రూటుకు ఇంకో బస్సు వెయ్యాలో తేల్చుకునేవారు. ఒక్క మనిషి ఇంటి గుట్టు కూడా బయటికి పోయేది కాదు. "ఎందరని చెప్పు, ఎవలని చెప్పకు. నీ ఫోన్లకు గూడ గదే నేర్పు" అన్నాను. ఆ ఒక్క మాటతో యాప్ మొత్తం మారిపోయింది. కాలేజీలో పెద్ద సార్లు నా ఫోటో అడిగారు.

ఫోటో ఎవరూ అడగలేదు. ఆ సలహా కూడా నాది కాదు. ఆమె మేడం రెండు నెలల కిందనే అదే చెప్పిందట, పరీక్షల తొందరలో తర్వాత చేద్దామని ఈమె పక్కన పెట్టింది. ఆ సంగతి అక్కడే ఒప్పుకుంది. నా మాట విని, "గదే తాతా, గట్లనే అన్నది మేడం" అని ఏడుపు ముఖంతో నవ్వింది. పాత గీతలన్నీ ఆ సాయంత్రమే నా ముందు తుడిచేసింది. నేను దగ్గరుండి చూశాను. ఎట్లా తుడుస్తారో అర్థం కాకపోయినా చూశాను.

మా బావ నాలుగు రోజులు నా ముఖం చూడలేదు. ఐదో రోజు అతను దాబా మీద బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. నేను ఏదో గొప్ప త్యాగం చేసినట్టే నిలబడ్డాననుకుంటాను.

"నన్ను కాపాడినవని సంబురపడకు బావా" అన్నాడు. గొంతు పెద్దగా వచ్చింది, తనకు తెలియకుండానే. "ముందుగల్ల పట్టిచ్చింది నువ్వే."

గోడ మీది తడి తువ్వాల అందించబోతే అతనే లాక్కున్నాడు.

"చెప్పుకునే పొద్దు నాకు తెల్సు. మా బిడ్డకు చెప్పిన. మా ఇంటామెకు చెప్పిన. సేటుకు గూడ చెప్తుంటి, ముందుగల్ల పని ఎట్ల చేసుకోవాల్నో నేర్చుకోని. గా పటం ఎవలది? నువ్వెవలు సదువనీకె?"

తప్పయిందన్నాను. మెల్లగా అన్నాను కాబట్టి అతనికి వినపడలేదు. మళ్లీ గట్టిగా అనాల్సి వచ్చింది. అవతలి పక్కింటి దాబా మీదున్న ఆమె కూడా విన్నది.

అబద్ధం ఆడడం తేలిక, దాంతో కాపురం చెయ్యడమే కష్టం. నాకు చెవుడని రెండు రోజుల్లో గల్లీ అంతా తెలిసిపోయింది. భాయ్ నాతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టాడు. కూరగాయల ఆమె వేళ్లు చూపించి లెక్క చెప్పేది. మా ఆవిడ మాత్రం, "గీయనకు చెవుడు కొత్తగ అచ్చుడేంది? నేను మాట్లాడినప్పుడు లగ్గమైన కాన్నుంచి ఉన్నదే" అని అందరికీ చెప్పింది.

సేటు మంచివాడు. అదే ముప్పు తెచ్చింది. గురువారం రాగానే మా బావను పిలిచి, "ముసలాయన్ను ఒక్కన్నే పంపకు. నువ్వు తోడువో. బిడ్డ తానికి ఒక్క వారం పోకుంటె ఏం గాదు" అన్నాడట. అట్లా మా బావ మొదటిసారి దాపరికం లేకుండా, దర్జాగా, అందరి ముందు నుంచి జగిత్యాల చెవుల డాక్టరు దగ్గరికి పోయాడు. నన్ను చూపించడానికి.

బస్సులో నా జేబులో ఫోను ఉంది, అందులో మనవరాలు మార్చిన కొత్త యాప్ ఉంది. ఒక స్టేజీ ముందు నేను లేచి దిగబోతుంటే మా బావ చెయ్యి పట్టి ఆపాడు. "ఇప్పుడెందుకు? బస్టాండుల్నే దిగుదాం" అన్నాడు.

దవాఖానలో అతని పరీక్ష అయ్యాక, ఊరికే వచ్చాను గదా అని నన్ను కూడా ఆ గాజుగదిలో కూర్చోబెట్టారు. చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారు. నేను దండిగా నొక్కాను. చాలాసార్లు చప్పుడు లేకపోయినా నొక్కాను, ఓడిపోవడం ఇష్టంలేక. డాక్టరు కాగితం చూసి నవ్వింది. ఇంజను పక్కన నిలబడి నోట్లో విజిల్ పెట్టుకొని ముప్పై రెండేళ్లు ఊదినవాడి చెవులు ఎట్లా ఉండాలో అట్లాగే ఉన్నాయంది. ఎడమది సగం పోయింది.

మా బావ వచ్చేదారి పొడుగునా నవ్వాడు. ఈసారి ఎందుకు నవ్వుతున్నాడో అతనికి తెలుసు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ తల కూడా ఎత్తలేదు. "గది చెప్పనీకె డాక్టర్ కావాల్నా?" అంది.

మరో నెలకు కార్ఖానాలో ఒక సాంచా మొరాయించింది. నేను ఊరికే చూడ్డానికి పోయాను. మా బావ తలుపు దగ్గర కళ్లు మూసుకొని నిలబడలేదు. సాంచా దగ్గరికి పోయి దాని ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. నాడి చూసినట్టు కొంచెం సేపు ఉంచాడు. చెయ్యి కిందికి జరిపాడు, మళ్లీ ఉంచాడు. తర్వాత వంగి ఒక నట్టు బిగించాడు. సాంచా లయలో పడింది. అప్పుడు సేటును బయటికి, చప్పుడు తక్కువున్న చోటికి తీసుకుపోయాడు. నేనూ వెనకే పోయాను. పోకూడదని తెలుసు, అయినా పోయాను.

"సేటూ, పదకొండో నంబర్ గాయన కాదు, నేను. నాకు రెండేండ్ల సంది చెవులు ఇనస్తలేవు" అన్నాడు.

సేటు నన్నోసారి చూశాడు, అతన్నోసారి చూశాడు. "మరి రెండేండ్ల సంది గీ సాంచాలు ఎట్ల బాగువడుతున్నయి?"

"చెయ్యితోని."

సేటు లోపలికి పోయి, అదే చట్రం మీద తన అరచెయ్యి పెట్టి చూశాడు. కాసేపటికి బయటికొచ్చాడు. "నాకేం తెలుస్తలేదు, ఉత్తగ వణుకుతున్నది" అన్నాడు.

"గందుకే నువ్వు సేటువు, నేను జాపర్ను" అన్నాడు మా బావ.

పని ఉంది. ఇప్పటికైతే ఉంది. సేటు "నా చెవి" అనడం మానేశాడు, ఇంకా వేరే పేరు దొరకలేదు.

కొత్త పటం మొన్న చూశాను. ఇప్పుడందులో గీతలు లేవు, నంబర్లు లేవు. ఇంటి దగ్గర మొదలయ్యే ముక్కను, పోయిన చోట దిగే ముక్కను ఫోనే తనలో మింగేస్తుందట, బయటికి పంపదట. గుంత ఎప్పుడు తగిలిందో గంటా నిమిషం చెప్పదట. గురువారం మేమిద్దరం జగిత్యాల పోయిన జాడ ఎంత వెతికినా దొరకలేదు, నాకు కూడా. వేములవాడ దాటాక మా ఇద్దరి నడుములు విరగ్గొట్టిన గుంతలు మాత్రం వరసగా ఉన్నాయి. బుగ్గారం పిల్ల కూడా చేరిందట. చేరేముందు మనవరాలిని రెండు గంటలు ప్రశ్నలు అడిగిందట.

కానీ ఇంకో నియమం పెట్టింది మా మనవరాలు. వేరువేరు ఫోన్లు ఐదన్నా ఒకే చోట ఎగిరితే తప్ప అక్కడ గుంత ఉందని పటం ఒప్పుకోదు. ఒక్క మనిషి జాడ ఒంటరిగా బయట పడకుండా ఉండడానికట. దాంతో మా ఇంటి ముందు గుమ్మడికాయ రాత్రికి రాత్రి మాయమైంది.

"నీ తాతకు గూడ నియమమేనా బిడ్డా?" అని ఫోన్లో బతిమాలాను.

"నీకే ముందుగల్ల తాతా" అంది.

అందుకని ఇప్పుడు మనుషులను పోగేస్తున్నాను. మా గడప మీద కూర్చొని ఐదుగురం ఒక్కసారి ఫోన్లు కుదిపితే చాలు. భాయ్ సరేనన్నాడు, బిర్యానీ సంగతి వాళ్లింట్లో చెప్పనని నేను మాటిచ్చాక. సేటు నవ్వుతూ ఒప్పుకున్నాడు. మా బావ రెండు షరతులు పెట్టాడు. జిలేబీ బండి దగ్గర నిలబడేది తానని ఇక ఎక్కడా ఒప్పుకోనన్నాడు, అది నేనే మా ఆవిడకు చెప్పుకోవాలన్నాడు. నాతో కలిపి నలుగురమయ్యాం. ఐదో ఫోను మా ఆవిడది. అది అడగాలంటే ముందు జిలేబీ సంగతి చెప్పాలి.

మూడు రోజులుగా ఆమె చుట్టూ తిరుగుతున్నాను. మొన్న పొద్దున ధైర్యం చేసి, "ఇగో, నీకొక మాట చెప్పాలె" అన్నాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ, "జిలేబీ గురించైతే చెప్పకు, తెల్సు. ఫోను గురించైతే అడుగకు, ఇయ్య" అంది.

నా ఎడమ చెవి వైపు కూర్చొని అంది. అయినా స్పష్టంగానే వినపడింది.